చెవి అంచు రంగు

పాప పుట్టిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్క ఫ్లాట్ విజయనగరం ఆంటీ. న్యూజిలాండ్‌లో మేముండే టౌరంగా ఊళ్ళో మనవాళ్ళకు తెలిసిన ఏ ఇంట్లో ఏం జరిగినా ఆవిడకు ముందే తెలుస్తుంది. "నీ జింబాబ్వే ఫ్రెండుకి ఆడపిల్లటమ్మా. పిల్ల తెల్లగా ఉందట," అంది. తల్లి ఎలా ఉందో ఆవిడ కనుక్కోలేదు.

ఆ స్నేహితురాలూ నేనూ కివీపళ్ళ ప్యాక్‌హౌస్‌లో ఒకే బల్ల దగ్గర నిలబడి పళ్ళు ఏరేవాళ్ళం. 2010ల మధ్య సంగతి. ఆమె ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు. బుగ్గలు ఎర్రబారి, కణతల దగ్గర మచ్చలు. వేళ్ళ కణుపులు మాత్రం నిగనిగలాడే నలుపు. తల్లి లేని తనను పెంచిన పిన్ని, చిన్నప్పుడే తెల్లబరిచే క్రీము రాయడం మొదలుపెట్టిందని తానే చెప్పింది. ఆ క్రీము కణుపుల మీద పనిచేయదట.

నేనూ నల్లదాన్నే. నాన్నకు ఊరూరా బదిలీలు కావడంతో ఇంట్లోనే చదువుకున్నాను. దేవుడి దయవల్ల బళ్ళో వెక్కిరింతలు తప్పాయి. ఇంట్లోవి చాలినన్ని ఉండేవి. నాయనమ్మ శనగపిండి, మీగడ కలిపి ఒళ్ళు మండేదాకా రుద్దేది. కృష్ణుడు నలుపు కాదా అని బంధువులు ఓదార్చేవారు. కృష్ణుడికి పెళ్ళిచూపులు లేవు. ముప్పై దాటాక ఎప్పుడో, సంజె దీపం పెట్టి కూర్చున్నప్పుడు, ఇన్నాళ్ళూ మోసిన ఈ ఒంటికి ఒక్కసారీ దండం పెట్టలేదే అనిపించింది. పెట్టాను. అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు.

ఆంటీ, నేనూ పాపను చూడ్డానికి వెళ్ళాం. పాప నిజంగానే లేతరంగులో ఉంది. ఉక్కగా ఉన్నా ఉన్ని టోపీ చెవుల కిందిదాకా లాగి ఉంది. ఆంటీ ముద్దు చేస్తూనే టోపీ పైకి జరిపి, చెవి అంచును వేలితో మడిచి చూసింది. పుట్టిన బిడ్డకు చివరికి ఏ రంగు ఖాయమవుతుందో మావాళ్ళు అక్కడే చూస్తారు. "ఈ రంగు ఉండదే అమ్మా. చెవులు చూడు, నేరేడుపళ్ళే," అంది నాతో.

స్నేహితురాలికి తెలుగు రాదు. ఆ వేలిని చూసి అడిగింది.

"మీవాళ్ళూ చెవులే చూస్తారా?"

అవునన్నాను. ఆమె నవ్వింది, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పిన్ని స్కైప్‌లో బిడ్డ చెవిని కెమెరాకు దగ్గరగా పెట్టమందట. రంగు ఖాయం కాకముందే మొదలుపెట్టాలని క్రీము పంపిందట. రాయడానికీ, పారేయడానికీ చెయ్యి రావడం లేదంది. ఆంటీకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. "పసిగుడ్డుకి ఆ మందులేటి?" అని నాతో అని, టోపీ మళ్ళీ చెవుల మీదికి లాగింది.

పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం నేర్పమని స్నేహితురాలు అడిగితే, తరువాతి వారాల్లో వెళ్ళి పోస్తుండేదాన్ని. పాప మెల్లగా తల్లి కణుపుల రంగులోకి వచ్చింది. ఆంటీ శనగపిండి డబ్బా పంపింది. అదెందుకని తల్లి అడిగింది. నూనె వదలడానికని, మా ఇళ్ళలో తెల్లబడ్డానికి కూడానని ఉన్నమాట చెప్పాను. ఆమె డబ్బాకు మూత పెట్టేసి, నూనె ఉంటే ఉండనీ అంది.

ఒక ఆదివారం స్నానం అవుతుండగానే పిన్ని స్కైప్ చేసింది. స్నేహితురాలు పిల్లను తువ్వాలులో ఎత్తి, కిటికీ వెలుతురులో చూపించింది. అవతల నుంచి వాళ్ళ భాషలో ఏదో ప్రశ్న వచ్చింది. క్రీము సంగతేనని గొంతులోనే తెలుస్తోంది. నా కోసమేమో, ఆమె ఇంగ్లీషులో జవాబిచ్చింది.

"పిన్నీ, ఇది నా రంగే. నువ్వు నాకు రాయకముందుది. నేనే మరిచిపోయాను."

పిన్ని కూడా ఇంగ్లీషులోనే, పాలు సరిగ్గా తాగుతోందా అని అడిగింది.

ఆ తల్లీబిడ్డలు తరువాత ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఫొటోలు పంపుతుంటుంది. తన ముఖమూ చేతులూ ఇంకా రెండు రంగులే, దాచుకోదు. పాప నల్లగా, నిండుగా ఉంటుంది. దేవుడు వాళ్ళను చల్లగానే చూస్తున్నాడు.

మీరు తలచుకోవలసింది ఆ పిన్నిని. చిన్నప్పటి నుంచి ఆమె కూడా అదే రాసుకుందట. ఇప్పుడు చర్మం పలచబడి, చిన్న గాయానికి వేసిన కుట్లు కూడా నిలవడం లేదట. తల్లి లేని పిల్లకు తనకు తెలిసిన మేలు అదేననుకుని చేసింది. దీపం పెట్టేటప్పుడో, మోకరిల్లేటప్పుడో, ఆమెను ఒక్కసారి తలచుకోండి.