దారం పైన వచ్చిన ఆకు

ఇబ్రహీంపట్నంలో మా నర్సరీ వెనుక పచ్చ వల కట్టిన పందిరి ఒకటి ఉంది. సగం దూరం ఒక పొర, సగం దూరం రెండు పొరలు. ఏ మొక్క ఎంత నీడకు ఓర్చుకుంటుందో అక్కడ పెట్టి చూసేవాళ్లం. ఆ పరీక్ష మా ఆయనది. కుండీని వల కిందికి తెచ్చిన రోజే కొస ఆకు దగ్గర తెల్ల దారం కట్టేవాడు. పాత ఆకులు నెలల తరబడి పచ్చగానే ఉండి మోసం చేస్తాయని ఆయన వాదన.

"ఆకు పచ్చగుంటే బతికినట్టు గాదు. దారం మీద ఏమన్న వచ్చిందా, గది జూడు" అనేవాడు.

ఆదిభట్లలో రెండు ఎత్తైన భవనాల నడుమ ఎండ పడని సందు ఉంది. ఎవరో నాటిన గన్నేర్లు అక్కడ సన్నగా సాగి చచ్చిపోయాయి. పొగడ బతుకుతుందని ఆయన మాటిచ్చి, రెండు పొరల కింద పొగడ మొక్కలు పెట్టి చూస్తున్నాడు. ఒక ఉదయం వాటికి నీళ్లు పడుతూ గుండె ఆగి పడిపోయాడు.

దినాలయ్యాక ఆ భవనాలవాళ్లు ఫోన్ చేశారు, తొందరేం లేదంటూనే. ఆయన మాట పోకూడదు, నాకు అదొక్కటే పట్టింపు. మిగతా దేనికీ ఏమీ అనిపించేది కాదు. తిన్నాను, పడుకున్నాను, మొక్కలు అమ్మాను. నాకు తోడుగా మీర్‌పేట్ నుంచి వచ్చిన ఆడబిడ్డ, "మంచిగనే ఉన్నవ్ వదినె. నా ఫికర్ పోయింది" అంది. చిరాకేసింది. లేచి పందిరి కిందికి పోయాను.

పొగడలన్నిటికీ దారం పైన కొత్త ఆకులున్నాయి, లేతగా మెరుస్తూ. ఆయనే గెలిచాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. కాండాలు లావెక్కి దారాలు బిగుసుకుంటున్నాయి, కోసేయకపోతే మొక్కకు ఉరి. ఆ ముడులన్నీ ఆయన చేతివి. కత్తెర తెచ్చి ఒక్కొక్కటే కోశాను. ఒక్క కాండానికీ గీత పడలేదు, అంత నిలకడగా. అదీ నచ్చలేదు నాకు.

పొగడలు నాటుకోవచ్చని ఫోన్ చేసి చెప్పాను.

ఆయన ముడి కొసలు పొడుగ్గా వదిలేవాడు. చివరి దారం పారేయబుద్ధి కాక వేలికి చుట్టుకున్నాను. ఒంటిచేత్తో ముడి పడలేదు. ఆడబిడ్డ ముందు చెయ్యి చాపాను.

"ఏందిది వదినె?"

"ఇయ్యాల్టి సంది నన్ను గూడ జూడు. పచ్చగున్న అని అనుకోకు."

వాళ్లన్న దారం పరీక్ష ఆమెకూ తెలుసు. ముడి వేసి, నా చెయ్యి వదలకుండా కూర్చుంది.