హీట్ పంప్‌కి కుట్టిన తొడుగు

వీధి వీధంతా ఆవిడని తొడుగులమ్మ అంటుంది. అనక ఏం చేస్తుంది? సోఫాలకీ, సైకిలు సీట్లకీ, ఫ్రిజ్‌లకీ, ఆఖరికి టీవీ రిమోటుకి కూడా తొడుగు కుట్టి పెట్టే మనిషి. ఏ వస్తువైనా బోసిగా కనిపిస్తే చాలు, ఆవిడ చేతులు ఊరుకోవు. మెడలో టేపు వేసుకుని కొలతలకి బయల్దేరుతుంది. కుట్టిందంటే మాత్రం ఒక్క ముడత ఉండదు, ఆ మాట ఒప్పుకోవాలి.

భర్త పోయాక ఆ ఇంట్లో తనూ, అత్తగారూ మిగిలారు. అత్తగారిది ఉబ్బసం. మంచు కురిసే ఆ కొండ ఊళ్లో చలికాలం కట్టెల పొయ్యి రాజేస్తే చాలు, పొగకి ఆవిడ ఊపిరి గొంతులోనే ఆగిపోయేది. అందుకే తొడుగులమ్మ ఈ ఏడు పొయ్యి తీయించేసి హీట్ పంప్ పెట్టించింది. పెరటి గోడ పక్కన పెద్ద పెట్టె, ముందుగది గోడకి చిన్న పెట్టె. బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినే పిండి లోపలికి తెస్తుందట. "చలిగాలిలో వేడేమిటే, నీ మొహం" అని నవ్విన అత్తగారు, మొదటి నెలంతా దగ్గు లేకుండా నిద్రపోయాక నవ్వడం మానేసింది.

తీరా మంచు గట్టిగా పట్టుకున్నాక యంత్రం మొరాయించింది. కాసేపు గోరువెచ్చటి గాలి వదలడం, ఆగిపోవడం, బయట ఆవిరి కక్కడం, మళ్లీ మొదటికి రావడం. గది చల్లబడింది. అత్తగారి దగ్గు తిరిగొచ్చింది.

ఈ సంగతి బావగారి చెవిన పడింది. బావగారంటే అత్తగారి పెద్దకొడుకు. చెడ్డవాడేం కాదు, తల్లంటే ప్రాణం. ఫోను చేసి తేల్చేశాడు.

"ఆదివారం వస్తానమ్మాయ్. ఇల్లు వెచ్చగా ఉంటే సరే. లేదంటే అమ్మని మా ఇంటికి తీసుకెళ్లిపోతా. నీ మీద కోపం కాదు, ఆవిడ ఊపిరి సంగతి."

తొడుగులమ్మ ఫోను పెట్టేసింది. అంతా విన్న అత్తగారు దుప్పటి సర్దుకుంటూ అంది. "వాడింట్లో నాకేం తక్కువ కాదు. కానీ పొద్దున్నే నీ కుట్టుమిషను చప్పుడు వినబడకపోతే నాకు తెల్లారినట్టుండదే."

తొడుగులమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే పట్టుదల పుట్టుకొచ్చింది. "మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు అత్తయ్యా. దాని సంగతేంటో నేను చూస్తా" అని చీర చెంగు బిగించింది.

మెకానిక్‌కి ఫోను చేస్తే, దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఈ వారం రాలేనన్నాడు. పాపం, ఫోను మాత్రం పెట్టేయలేదు.

"రిమోటులో వేడికి గుర్తుగా సూర్యుడి బొమ్మ ఉందా?"

"ఉందండీ. ముప్పైలో పెట్టాను."

"ముప్పైలో పెడితే తొందరగా వేడెక్కదండీ. ఇరవై రెండులో పెట్టి ఆర్పకుండా వదిలేయండి. లోపలి పెట్టె మూత తీసి, దుమ్ము ఆపే జల్లెడ ఉంటుంది, అది చూడండి."

చూస్తే ఏముంది, కుట్టుపనిలో ఎగిరిన నూలుపోగులన్నీ అక్కడే కాపురం పెట్టాయి. కడిగి, ఆరబెట్టి బిగించింది. గాలి కాస్త పెరిగింది గానీ వేడి పెరగలేదు. మళ్లీ ఫోను చేసింది.

"బయటి పెట్టె మీద ఐసు పేరుకుంటే కత్తితో గీకకండి, రేకులు కాగితమంత పల్చన. అది తనే కరిగించుకుంటుంది. దానికి ఏమీ అడ్డం లేదు కదా?"

"అబ్బే, ఏమీ లేదండీ."

అబద్ధం కాదు, ఆవిడ నమ్మే చెప్పింది. తొలి మంచు కురిసిన రోజునే, బయట వణుకుతోందని జాలిపడి ఆ పెట్టెకి మందపాటి గుడ్డతో తొడుగు కుట్టింది. ముందు ఫ్యాన్ దగ్గర గుండ్రంగా కన్నం కూడా వదిలింది. వెనకా పక్కలా మాత్రం బిగుతుగా లాగి తాళ్లు కట్టింది. తొడుగులమ్మ లెక్కలో తొడుగు అడ్డమెలా అవుతుంది?

శనివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, పాదాలు కొంకర్లు పోతున్నా కదలకుండా యంత్రాన్నే చూస్తూ నిలబడింది. వెనక గుడ్డ లోపలికి పీల్చుకుపోయి పెట్టె ఊచలకి అతుక్కుని ఉంది. లాగి వదిలితే మళ్లీ టపీమని అతుక్కుంది. మనిషి గుణం పోతుందా, "ఇంత వదులుగా ఎలా కుట్టాను చెప్మా" అనుకుంది ముందు. ఇంకో రెండు కుట్లు వేద్దామని సూది కోసం లోపలికి వెళ్లబోయింది కూడా.

కిటికీలోంచి అత్తగారు ఆయాసపడుతూనే పిలిచింది. "ఏమే, అది నాలాగే ఎగశ్వాస పీలుస్తోంది. ఊపిరాడక గిలగిల్లాడుతుంటే మూతికి గుడ్డ కట్టావేంటే?"

తొడుగులమ్మ గడప దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది. గాలి ముందు నుంచి పోతోందంటే, వెనక నుంచి రావాలి కదా. వేడి పిండుకోవడానికి గాలే అందకుండా చేసి, వేడి ఇవ్వడం లేదని ఇన్నాళ్లూ దాన్నే తిట్టింది. సూదికి బదులు కత్తెర తెచ్చింది. గడ్డకట్టిన తాళ్లు కోసి, నిలువునా తొడుగు చీల్చింది. తన కుట్టుని తనే కోయడం ఆవిడకి అదే మొదటిసారి, మనసు చివుక్కుమంది.

వెనకంతా తెల్లటి ఐసు గోడ. కత్తెరతో గీకాలని చెయ్యి ఒకటే దురద. మెకానిక్ మాట గుర్తొచ్చి కత్తెర నడుముకి దోపుకుంది. చీపురుతో చుట్టూ పేరుకున్న మంచు మాత్రం ఊడ్చి, కాచుకుని కూర్చుంది. యంత్రం ఆగింది, ఆవిరి కక్కింది, ఐసు పెళ్లలు పెళ్లలుగా జారి నీళ్లయింది. మధ్యాహ్నానికి ముందుగదిలో అత్తగారు ఒక దుప్పటి తీసేసింది. సాయంత్రానికి రెండోది కూడా మడత పెట్టింది.

ఆదివారం బావగారు ఖాళీ సూట్‌కేసుతో దిగాడు. గుమ్మం దాటగానే కళ్లద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు.

"కోటు విప్పరా, ఉక్కపోస్తుంది" అంది తల్లి.

కోటు విప్పి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. కబుర్లాడుతూనే తల్లి ఊపిరి మీద చెవి పెట్టాడు. పిల్లికూతలు లేవు. సూట్‌కేసు ఊసెత్తకుండా భోంచేశాడు.

బయల్దేరేముందు వెతికితే సూట్‌కేసు మిషను దగ్గరుంది. పెరట్లో చీల్చిన గుడ్డతోనే తొడుగులమ్మ దానికి తొడుగు కుట్టేసింది.

బావగారు అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుందమ్మాయ్. మరి తెరిచేదెక్కడ?"

"ఎక్కడా లేదు బావగారూ" అంది తొడుగులమ్మ, దారం కొరికి తెంపుతూ. "అత్తయ్య బట్టలు సర్దడానికి వీల్లేకుండా కుట్టాను."