రెండుసార్లు మరిగిన పిప్పి

బొమ్మనహళ్ళిలోని మా ఇంట్లో ఏదీ ఊరికే చెత్తబుట్టలో పడదు. నేను చదివింది మూడో తరగతి వరకే. పారెయ్యకూడదన్న చదువు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చింది. అందుకే నా కూతురి కూతురు తన పరిశోధనకు వాడేసిన టీపొడి కావాలని అడిగితే నవ్వొచ్చింది.

"చదివి చదివి కడాకు నా పిప్పికొచ్చినావా?" అన్నాను.

"బట్టలకు అద్దే రంగు నీళ్ళు కాలవలోకి పోతాండాయి కదవ్వా. ఆ రంగును ఈ పిప్పి పీల్చుకుంటాది. చూద్దువుండు."

ఒకరోజు ఇంట్లోనే చేసి చూపించింది. నీలం నీళ్ళలో పిప్పి వేసి, చాలాసేపు కలిపి వడగడితే తేటనీళ్ళు దిగాయి. మా ఆయన ఆ గ్లాసు వెలుతురుకు పట్టి, "ఏమే, నీ టీ కూడా ఇట్లే ఉంటాది గదా!" అని ఎగతాళి చేశాడు.

"నాకు పైత్యం. చిక్కటిది పడదు," అని కసిరాను.

అప్పట్నుంచీ రోజూ పిప్పిని ఎండబెట్టి, డబ్బాలో పోసి ఇచ్చాను. రెండో ఏడు వానాకాలంలో ఆయన పోయాడు. ఛాతీ నొప్పని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. కర్మలయ్యాక నేను మళ్ళీ టీ పెట్టుకున్నాను, మళ్ళీ పిప్పి ఎండబెట్టాను.

కొన్నాళ్ళకు పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"అవ్వా, టీపొడి మార్చినావా?"

"లేదు."

"గిన్నె?"

"అదే."

"మరి నీలం పోతాది గానీ నీళ్ళు పసుప్పచ్చగా వస్తాండాయి. మునుపటి రిజల్టు మళ్ళీ రాకుంటే ఈ పనే వదిలెయ్యమన్నాడు మా సారు. రెండేండ్ల పని అవ్వా!"

"నా చేతిలో తప్పేమీ లేదు. మీ ల్యాబులో బుడ్లు సరిగ్గా కడుక్కోండి పో!"

అది పోలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. తెల్లారి నోటుపుస్తకం పట్టుకుని పొయ్యి పక్కన కూర్చుని, నేను చేసిందల్లా రాసుకుంది. నీళ్ళు మరిగాయి, పొడి వేశాను, వడగట్టాను, పిప్పిని పళ్ళెంలో పరిచాను.

"ఇంతేనా?"

ఇంతే అనబోయి ఆగిపోయాను. గూట్లో బోర్లించిన చిన్నగిన్నె కనబడింది. ఆయన పోయాక దాన్ని తియ్యనే లేదు.

పెళ్ళయిన కొత్తల్లో టీపొడి చాలక మొదలైన అలవాటు అది. మొదటి డికాషన్ ఆయనకు. అదే పిప్పిని చిన్నగిన్నెలో మళ్ళీ మరిగించి, పలచటి ఆ నీళ్ళలో పాలు పోసుకుని నేను తాగేదాన్ని. పొడి చాలినంత వచ్చాక కూడా మానలేదు. ఇప్పుడు మొదటిది తాగే మనిషి లేడు కాబట్టి రెండోదీ లేదు. నాకే తెలియకుండా మానేశాను.

"మునుపు రెండుసార్లు మరిగేది," అన్నాను.

"రెండుసార్లా! ఎందుకు?"

"మొదటిది మీ తాతకు."

అది పెన్ను కింద పెట్టింది. "తాతకు తెలుసునా?" అనడిగింది.

"తెలిస్తే తాగేవాడా?"

అది కళ్ళు తుడుచుకుని, "ఒకసారే మరిగిన పిప్పిలో టీ రంగు మిగిలి నీళ్ళలోకి దిగుతాంది. ఇంకోసారి ల్యాబులోనే మరిగించుకుంటాలే. పుస్తకంలో ఏమని రాయాల?" అంది.

"సుమ్నే, ఊరికే రెండుసార్లని రాయి. ఎందుకని రాయొద్దు."

వారం తర్వాత ఫోన్ చేసి, నీళ్ళు మళ్ళీ తేటగా వచ్చాయని చెప్పింది. మంచిదన్నాను.

ఇప్పుడు మొదటి డికాషనే తాగుతున్నాను. పాలు ఎన్ని పోసినా చిక్కగానే ఉంటుంది. చిక్కటిది పడదని ఆయనతో అన్నది అబద్ధమే గానీ, ఇప్పుడు నిజంగానే పడటం లేదు.