అవ్వ ఇచ్చిన జాగ

తొంభైల మొదట్లో నేను నిజామాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. ఒక వానాకాలం మంజీర పొంగి, కోటగిరి అవతల ఒక ఊళ్లో పల్లంలో ఉన్న కిందివాడంతా మునిగింది. మళ్లీ వరదొస్తే జనం తలదాచుకోవడానికి ఎత్తైన చోట పెద్ద హాలు కట్టేందుకు మా సంస్థకు గ్రాంటు మంజూరైంది. స్థలం మాత్రం ఊరివాళ్లే ఇవ్వాలని షరతు. ఆ పని నాకప్పగించి, బోధన్‌లో గది తీసుకొని ఉండమన్నారు. నాన్నను బాపు అనేదాన్ని; ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఎక్కడున్నా ఒకటేననిపించి సరేనన్నాను.

ఊళ్లో ఎత్తు భూములు దాదాపు అన్నీ ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులవి. ఒకాయన మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, "చెరకు భూమమ్మా, గుంట నేల కూడా వదులుకోలేం. ఏమీ అనుకోకండి" అన్నాడు. కిందివాడకు పోతే, "మాతాన జాగుంటే నీళ్లల్ల ఎందుకుంటమమ్మా?" అన్నారు. రోజూ వట్టి చేతులతో బోధన్ బస్సెక్కేదాన్ని. గదికి వచ్చాక పలకరించేవాళ్లు ఉండేవారు కాదు. స్టవ్ వెలిగించబుద్ధి కాక, చాలాసార్లు అటుకులు తిని పడుకునేదాన్ని.

ఊరి చివర మిట్ట మీద ఒక అవ్వ, కూలిన గోడల పక్కన రేకులు కప్పుకొని బీడీలు చుట్టేది. వరద మిట్టను ముట్టలేదు కానీ, ముసురుకు ఆమె ఇల్లు కూలింది. పొలానికి పోయిన భర్త నీళ్లలో కొట్టుకుపోయాడు. పిల్లలు లేరు. ఒకరోజు ఆమే నన్ను పిలిచింది.

"ఊరంత తిరుగుతున్నవ్. నన్నెందుకు అడుగుతలేవ్?"

"నీకున్నదే ఇది గదా అవ్వా. ఏం మొఖం పెట్టుకొని అడగాలె?"

"ఒక్కదానికి గింత జాగెందుకు బిడ్డా? కట్టుండ్రి. ఓ మూలకు నన్ను ఉండనియ్యుండ్రి."

హాల్లో ఎవరూ కాపురముండరాదని మా ఆఫీసులో అడ్డు చెప్పారు. ఊడ్చి, నీళ్లు పట్టి, తలుపులు తీసేందుకు ఒక మనిషి ఉండాలి కదా అని నేను పట్టుబట్టాను. చివరికి ఒప్పుకున్నారు. కిందివాడవాళ్లే మట్టి మోసి, రాళ్లెత్తి కట్టారు.

మరుసటి వానాకాలం మంజీర మళ్లీ పొంగింది. జనం కోళ్లతో, బీడీలు చుట్టే తునికాకు కట్టలతో, పసిపిల్లలతో మిట్టెక్కారు. అవ్వ కాలు నిలవలేదు. ఒకరికి గంజి పోసేది, ఇంకొకరి బిడ్డను ఒళ్లో వేసుకునేది. ఆమె నవ్వడం అప్పుడే చూశాను. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

నీళ్లు తగ్గాక అందరూ దిగిపోయారు. అవ్వ చీపురు పట్టుకొని అట్లాగే నిలబడింది.

"అందరు మంచిగ ఇంటికి పోయిండ్రు. సంబురపడాలె గద బిడ్డా. నాకేమో ఏడుపొస్తున్నది."

ఆ రోజు బస్సుకు పోకుండా ఆమె దగ్గరే ఉండిపోయాను. మరునాడు కిందివాడ ఆడవాళ్ల దగ్గరికి పోయి, సిమెంటు గచ్చు చల్లగా ఉంది, వచ్చి అక్కడే బీడీలు చుట్టుకోండని అడిగాను. ఇద్దరో ముగ్గురో వచ్చారు.

గ్రాంటు గడువు అయిపోగానే నన్ను నిజామాబాద్‌కు పిలిపించారు. ఆ ఊరికి మళ్లీ పోయే పని పడలేదు. ఒకసారి సెలవు పెట్టుకొని నేనే పోయాను. హాలు నిండా ఆడవాళ్లు. మధ్యలో బీడీల చాట ఒళ్లో పెట్టుకొని అవ్వ ఎవరినో గట్టిగా కోప్పడుతోంది. నన్ను చూసి, "ఎండల వచ్చినవేంది బిడ్డా, కూసో" అంది. మళ్లీ మాటల్లో పడిపోయింది.

ఆమెకు మనుషులు దొరికారని సంతోషమైంది. సాయంత్రం బస్సులో, పక్క సీట్లో ఎవరూ లేకపోవడంతో, సంచిని అక్కడ పెట్టుకొని వచ్చాను.