నూకరాజు చెప్పిన మాట

నలభై ఏళ్ళు దాటింది. ఈ మాట మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి చెప్పాననుకుంటాను గానీ, ఆయన దగ్గర కూడా కొంత నీళ్ళు నమిలే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ ముందు బరువు దించుకోవాలనిపిస్తోంది. నవ్వొస్తే నవ్వండి. నాకూ సగం దాకా నవ్వే వస్తుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. నర్సు ట్రైనింగ్ అయ్యాక విశాఖలో ఒక మానసిక ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో చేరాను. స్కిజోఫ్రినియా ఉన్నవాళ్ళకు మందుబిళ్ళలు ఇచ్చి, మింగారో లేదో చూడడం నా పని. కొందరు బిళ్ళను నాలుక కింద దాచి, నేనటు తిరగగానే ఉమ్మేసేవారు. అందుకని "నోరు తెరు, నాలుకెత్తు" అంటూ పోలీసులా సోదా చేసేదాన్ని. ఈ మందుకి నోరెండుతుంది, నీళ్ళు తాగండి; ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, నెమ్మదిగా లేవండి అని రోజూ వల్లించేదాన్ని. ఎవరైనా వింటున్నారని నేననుకోలేదు.

ఆ వార్డులో ఉన్న నూకరాజు సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి. తనకెవరో విషం పెడుతున్నారని అతని భయం. ఒకరోజు పొద్దున బిళ్ళ చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది ఇసం సిస్టరమ్మా. నాను ఏసుకోను."

"విషం కాదు నూకరాజూ, మందు."

"మందయితే ముందు నువ్వేసుకో."

నాకు తెలివి పుట్టింది. ఒక బిళ్ళ నోట్లో వేసుకుని బుగ్గన పెట్టాను.

"ఏదీ, నోరు తెరు. నాలుకెత్తు," అన్నాడు.

వార్డంతా చూస్తోంది. ఏం చెయ్యను? మింగేశాను. వెంటనే అతనూ తన బిళ్ళ మింగాడు. ఎంత గర్వపడ్డానో!

కాసేపటికి కళ్ళు మూతలు పడసాగాయి. ఖాళీ మంచం మీద ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నూకరాజు తువ్వాలుతో విసురుతున్నాడు. ఒకాయన గ్లాసుతో నీళ్ళు పట్టుకు నిలబడ్డాడు. లేవబోతే నూకరాజు కసిరాడు. "బేగి లెగకమ్మా, కళ్ళు తిరుగుతాయి. ముందు కాళ్ళు కిందెట్టు." నా పాఠం నాకే! పురిటి మంచం మీద కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూసుకోలేదు.

హెడ్ సిస్టర్ వచ్చి అడిగితే జ్వరమన్నాను. అది చిన్న అబద్ధం. పెద్దది మర్నాడు.

రౌండుకొచ్చిన డాక్టరు గారితో నూకరాజు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "సిస్టరమ్మ మందుబిళ్ళ మింగీసి తొంగుండిపోనాది బాబూ." డాక్టరు నా వైపు చూశారు. నేను నవ్వాను. అంతే. ఒక్క మాట అనలేదు. మాట అనకపోతే అబద్ధం కాదా? కొత్త ఉద్యోగం పోతుందన్న భయమా, లేక వార్డులో నవ్వులపాలవుతానన్న సిగ్గా? ఏదైతేనేం, ఆయన "భ్రమ ముదిరింది" అని నూకరాజుకి మందు పెంచారు.

కొన్నాళ్ళకే అతని చేతులు వణకసాగాయి. చొంగ కారేది. కొయ్యబొమ్మలా నడిచేవాడు. వల అల్లిన వేళ్ళకి చొక్కా గుండీ దొరికేది కాదు. నేను డాక్టరు గారికి వణుకు గురించి చెప్పాను. "ముందా భ్రమ పోనీ, తర్వాత మందు తగ్గిద్దాం" అన్నారు. అది భ్రమ కాదని మాత్రం నా నోట రాలేదు. గుండీలు పెట్టాను, చొంగ తుడిచాను, మంచి నర్సునని పేరు తెచ్చుకున్నాను.

ఒకరోజు రౌండులో నూకరాజే అన్నాడు. "నేదు బాబూ. సిస్టరమ్మ ఏటీ మింగలేదు. అదంతా నా బెమ."

డాక్టరు గారు సంతోషంగా అతని భుజం తట్టారు. మందు తగ్గించారు. తర్వాత ఇంటికీ పంపారు. నిజం చెబితే రోగం, అబద్ధం చెబితే నయం!

ఆ మాట అంటున్నప్పుడు అతను నన్నే చూస్తున్నాడు. నన్ను కాపాడాడా? లేక తన కళ్ళని తనే నమ్మడం మానేశాడా? మొదటిదైతే సిగ్గుతో బతకగలను. రెండోదైతే? అడగలేదు. మందుల కోసం మళ్ళీ వచ్చినప్పుడు కూడా అడగలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ రోజు రౌండులో అనాల్సిన మాట ఇది: డాక్టరు గారూ, ఆ బిళ్ళ నేను మింగాను. నూకరాజు చూసిందే చెప్పాడు.

అమ్మయ్య. అనేశాను.