చెవులు మూయని టోపీలు

తొంభైల్లో ఒక డిసెంబరు. తెల్లవారుజామున అయిదు గంటలకు హిందూపురం బస్టాండులో రెండు సంచుల నిండా మంకీ క్యాపులతో నిలబడ్డాను. బెంగళూరు నుంచి తెచ్చుకున్న సరుకది. రాయలసీమలో ఉన్ని టోపీలేమిటని మీరు నవ్వచ్చు. ఆ నెలలో తెల్లారకముందు ఒకసారి మా వైపు వచ్చి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. మా నాయన మాత్రం నవ్వలేదు. "ఈ ఒక్క తిరుగుడు తిరిగి రాప్పా. అమ్ముడుపోకుంటే సోమవారం నుంచి నూలు మిల్లుకు పో. మాట్లాడి పెట్టినా" అన్నాడు. మిల్లు పేరు వింటేనే నాకు ఊపిరాడదు.

అయిదుంబావుకు పెనుకొండ బస్సు కదిలింది. సంచులకు కూడా టికెట్టు కొట్టబోతున్న కండక్టరును మంచి చేసుకుందామని ఒక టోపీ అతని తలకు తొడిగాను. "వెచ్చగా ఉండాదబ్బా" అని దాన్నట్లే ఉంచుకున్నాడు. సంచులకు టికెట్టు కూడా కొట్టాడు. నా మొదటి టోపీ అలా పోయింది.

ఆరున్నరకు పెనుకొండలో దిగితే మంచులో కోట సగమే కనిపిస్తోంది. బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మీరు వెళితే బజ్జీలు రెండో వాయి దాకా ఆగండి, మొదటి వాయి మెత్తగా ఉంటుంది. పాలు పోసేవాళ్ల వెంట తిరిగి అయిదు టోపీలు అమ్మేసరికి ఎండొచ్చింది. ఆ తర్వాత టోపీ చూపిస్తే జనం నన్ను జాలిగా చూశారు.

పదిన్నరకు ధర్మవరం ప్యాసింజరెక్కాను. ఎదురు సీట్లో చెనిక్కాయలు ఒలుస్తున్న ఒక అవ్వ నా సంచులు చూసి, "యాడికి పోతాండావప్పా ఇన్ని టోపీలతో? కూసోని పని చేసేటోళ్లకే చలి ఎక్కువ. నేసేటోళ్ల ఇండ్లకు పో" అంది.

ధర్మవరంలో దిగేసరికి ఎండ మండుతోంది, ఇక తెల్లవారుజామునే అమ్మకమని ఆ రాత్రికి స్టేషను దగ్గర లాడ్జిలో పాతిక రూపాయల గది తీసుకున్నాను. నల్లుల సంగతి అడక్కండి. తెల్లవారి ఆరింటికి నేత వీధిలో మొదటి ఇల్లు నారాయణప్పది. గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. చూడమని ఒక టోపీ ఇస్తే చెవుల మీదకు లాక్కుని, "ఇంత సుఖమని తెలీదప్పా" అని నేతలో పడ్డాడు. ఆయన భార్య నాగరత్నమ్మ నాకు కాఫీ ఇచ్చింది.

అరగంట తర్వాత ఆమె మగ్గం వైపు చూసి ఆగిపోయింది. పట్టు మీద సన్నని గీత, జానెడు పొడవున. నిలువు పడుగులో పోగు తెగింది, ఆయన నేస్తూనే పోయాడు.

"పోగు తెగితే మాకు ముందు చెవికి తెలుస్తాది, తర్వాతే కంటికి. చెవులు మూసి పెట్టినావు కదప్పా" అంది నాగరత్నమ్మ.

నారాయణప్ప టోపీ తీసి పక్కన పెట్టి, నేసిందంతా విప్పడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాదే అన్నా" అని సంచులు ఎత్తుకున్నాను. కళ్ల ముందు మిల్లు గేటు కనిపించింది.

"ఆగప్పా" అంది నాగరత్నమ్మ. ఆ టోపీ తీసుకుని, చెవుల దగ్గర కత్తెరతో కోసి, ఉన్ని ఊడిపోకుండా మిగిలిన పట్టు దారంతో అంచులు కుట్టింది. విప్పడం అయ్యాక నారాయణప్ప తెగిన పోగు అతికి, టోపీ మళ్లీ పెట్టుకుని, నాలుగు పోగులు నేసి చెవి ఒగ్గాడు.

"ఇప్పుడు వినపడ్తాండాది. చలీ లేదు."

పది గంటలకల్లా ఆ వీధిలో ఎనిమిది మగ్గాల వాళ్ల తలల మీద నా టోపీలున్నాయి. కుట్టింది నాగరత్నమ్మే. వచ్చే వారం ఇంకో ఇరవై, చెవులు కోసినవే తెమ్మన్నారు.

మధ్యాహ్నం రెండు గంటల ప్యాసింజర్లో తిరుగుదారి పట్టాను. ధర్మవరం వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే, చీరల అంగళ్లకంటే ముందు తెల్లవారి నేత వీధిలో నడవండి. సంచుల్లో ఇంకా సగానికి పైగా సరుకుంది, అంతా చెవులు కోయాల్సిందే. అయినా మిల్లుకు పోనని నాయనకు చెప్పే ధైర్యం వచ్చింది. పెనుకొండలో ఎక్కిన ఒకాయన చెమట తుడుచుకుంటూ సంచుల వైపు చూసి, "ఏం పని చేస్తాండావప్పా?" అని అడిగాడు.

"టోపీల యాపారం" అన్నాను. ఆ మాట నోరారా అనడం అదే మొదటిసారి.