కడగొద్దన్న నాజిల్

మా నీళ్ల ప్లాంటు పక్క షెడ్డులో కార్లు బాగుచేసే మేస్త్రీ పోయిన సోమవారం పొద్దున గుండెనొప్పితో చనిపోయారు. గిద్దలూరులో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ కడుపు మండుతోంది, ఆ మంటతోనే రాస్తున్నాను.

ఏ కారు వచ్చినా మేస్త్రీ ముందు బానెట్ ఎత్తి, అద్దం మీద నీళ్లు చిమ్మే ట్యాంకు చూసేవారు. "ఇంజన్ చెడిపోతే బండి నిలబడతాది అల్లుడా. అద్దంలోంచి దారి కనపడకపోతే నిలబడదు. అది భయం" అనేవారు. ఆ ట్యాంకులో బోరు నీళ్లు పోయనిచ్చేవారు కాదు. మా వైపు బోరు నీళ్లు బిందెలో రెండు రోజులుంటే చాలు, అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. అందుకని తన క్యాను తానే పట్టుకొచ్చి మా ప్లాంటులో శుద్ధిచేసిన నీళ్ల కోసం అందరితోపాటు వరుసలో నిలబడేవారు. ముందుకు రమ్మన్నా వచ్చేవారు కాదు.

ఊళ్లో ఒక కాంట్రాక్టర్‌కు తండ్రి నాటి విదేశీ కారు ఉండేది. అద్దం మీదే కాదు, హెడ్‌లైట్ల మీద కూడా నీళ్లు చిమ్మే కారు. మేస్త్రీ ఆ ఏర్పాటంతా సరిచేసి, "బోరు నీళ్లు మాత్రం పొయ్యొద్దన్నా" అని చెప్పి పంపారు. అతను ఇంటికెళ్లి బోరు నీళ్లే పోశాడు. వానాకాలంలో నంద్యాల ఘాట్‌రోడ్డు మీద ముందు లారీ బురద చిమ్మింది. స్విచ్ నొక్కితే చుక్క రాలేదు. వైపర్ ఆ బురదనే అద్దమంతా పులిమింది. కారు పిట్టగోడకు గుద్దుకుంది.

మర్నాడు షెడ్డు ఎదురుగా టీ బంకు దగ్గర, అందరూ చూస్తుండగా, అతను మేస్త్రీ చెంప పగలగొట్టాడు. "పాత పైపులేసి నన్ను సంపబోతివి కదరా!"

"ఒక్కసారి ట్యాంకు విప్పనీ అన్నా, చూపిస్తా" అన్నారు మేస్త్రీ.

"నా కారు ముట్టుకుంటే చెయ్యి విరుస్తా."

నేను క్యాను భుజాన పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. అతని పనులు జరిగే చోటికి నీళ్లు పంపేది నేనే. అందుకే నోరు విప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాత షెడ్డుకు కార్లు రావడం తగ్గిపోయింది. "మర్చిపో మామా" అన్నానొకసారి. "ఎందుకు మర్చిపోవాల? దెబ్బ తిన్నోణ్ణి నేను కదా" అన్నారు. సర్దుకుపోవడం గొప్ప అనుకునే మనిషి కాదు. నాకు ఆయనలో నచ్చిందే అది.

పోయిన ఏడు చివర్లో ఆ కారు పాత ఇనుము దుకాణానికి వచ్చింది. నేను కొని షెడ్డుకు తోలించాను. మేస్త్రీ నేరుగా ట్యాంకు విప్పారు. అడుగున వేలు మందాన తెల్లటి పక్కు. పైపులు కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన షెడ్డు అదిరిపోయేలా నవ్వారు.

బండిని మళ్లీ నడిపించడానికి మూడు నెలలు పట్టింది. పైపులన్నీ కొత్తవి వేశారు, పంపు విప్పి బాగుచేశారు. నీళ్లు చిమ్మే నాజిళ్లను నిమ్మఉప్పు నీళ్లలో నానేసి, సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేశారు. ఒక్కదాన్ని మాత్రం పక్కన పెట్టి, దాని బదులు కొత్తది వేశారు. "ఇది కడగొద్దు అల్లుడా. వాని చేతిలో పెట్టాల. అదే బంకు దగ్గర, అందరూ ఉన్నప్పుడు." వచ్చే ఆదివారం వెళదామనుకున్నాం. సోమవారమే ఆయన పోయారు.

కాంట్రాక్టర్ చూడటానికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, మేస్త్రీ భార్య వింటుండగానే, "మంచి పనోడు పాపం. నా కారు దగ్గరే అశ్రద్ధ చేసినాడు" అన్నాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది.

ఆదివారం నేనొక్కణ్ణే కారు తీసుకెళ్లి బంకు ముందు ఆపాను. అతను టీ తాగుతున్నాడు. స్విచ్ నొక్కాను. అద్దం మీద, రెండు లైట్ల మీద నీళ్లు చిమ్మాయి. అందరూ ఇటు తిరిగారు.

"ఏంది, ఇది నా కారు కదా?" అన్నాడు.

"నీదే అన్నా. ఇది కూడా నీదే" అని నాజిల్ చేతిలో పెట్టాను. "ఊదు. మామ పైపులు చెడినాయో, నీ బోరు నీళ్లు చేసినాయో తెలిసిపోతాది."

నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. చుట్టూ చూసి నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. గాలి బయటికి రాలేదు. బంకు ఆయన దాన్ని తీసుకుని వెలుతురులో చూసి, "బోరు సున్నమే అన్నా. నా టీ గిన్నెకూ ఇట్లే పడతాది. పొయ్యొద్దని మేస్త్రీ నీకు చెప్తుంటే నేను గూడా వింటి" అన్నాడు.

"పోయినోని సంగతి ఇప్పుడెందుకు" అని కాంట్రాక్టర్ గొణిగాడు.

నాకు జాలి కలగలేదు. మామ లేకుండా జరిగిందనే ఏడుపు మాత్రం వచ్చింది.

అతని పెదాల మీద, మీసం మీద తెల్లటి పొడి అంటుకుని ఉంది. తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తెల్లటి మూతితోనే బజారు పొడుగునా నడుచుకుంటూ వెళ్లాడు.